కెమెరాకు కనిపించేదే వెతకండి

నిద్రలేమి మీద ఒక వ్యాసం ఉంది, దానికి పైన పెట్టే బొమ్మ కావాలి. ఏ స్టాక్ ఫొటో లైబ్రరీలోనైనా, అంటే ముందే తీసిపెట్టిన ఫొటోలు అమ్మే సైట్‌లో, నిద్రలేమి అని కొట్టి చూడండి. మంచం మీద తల పట్టుకుని కూర్చున్న మనిషి, పక్కన అలారం గడియారం. పేజీ కిందికి జరిపేకొద్దీ మనిషి మారతాడు, గడియారం మారుతుంది, బొమ్మ మాత్రం అదే.

కీవర్డ్లు, అంటే వెతికితే దొరకడానికి ఫొటోకు తగిలించే మాటలు, రాసేది ఫొటో అమ్మకానికి పెట్టినవాళ్లే. ఒక్కో ఫొటోకు షట్టర్‌స్టాక్ 50, అడోబీ స్టాక్ 49 కీవర్డ్ల దాకా ఒప్పుకుంటాయి. ఆ ఖాళీ నింపడానికి ఒత్తిడి, దిగులు, తలనొప్పి, ఒంటరితనం అన్నీ ఒకే బొమ్మకు తగిలిస్తారు. అందుకే భావం పేరుతో వెతికితే ఆ భావానికి అందరూ కట్టే ఒకే వేషం చేతికొస్తుంది.

భావాన్ని పక్కన పెట్టి, ఆ గదిలో కెమెరా ఉంటే దానికి ఏం కనిపిస్తుందో కాగితం మీద రాయండి. చీకటి గది, దిండు, చేతిలో ఫోన్ వెలుగు. లేదా పైనుంచి తీసిన మంచం, నలిగిన దుప్పటి. వస్తువుల పేర్లు రెండు, వెలుతురు గురించి ఒక మాట, కోణం గురించి ఒక మాట చాలు. ఏడెనిమిది మాటలు ఒకేసారి ఇస్తే అన్నీ కలిసొచ్చే ఫొటోలు దొరకవు. పెద్ద లైబ్రరీల్లో కీవర్డ్లు ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే ఉంటాయి కాబట్టి ఆ భాషలోనే వెతకడం మేలు. అక్కర్లేని దాన్ని కొన్నిచోట్ల మైనస్ గుర్తు పెట్టి, కొన్నిచోట్ల విడిగా ఉన్న పెట్టెలో రాసి తీసేయొచ్చు. ఇక్కడ గడియారాన్ని తీసేయండి, ఫలితాల రూపమే మారిపోతుంది.

ఆ తర్వాతే ఫిల్టర్లు. ముందు ఫొటోనా వెక్టరా (కంప్యూటర్‌లో గీసిన బొమ్మ), అడ్డమా నిలువా అన్నది తేల్చండి. మనుషులు లేనివి, ఒక్కరే ఉన్నవి అనే ఫిల్టర్ చాలా పని చేస్తుంది. రంగు ఫిల్టర్‌ను చివరికి వదిలేయండి. దాన్ని ముందే పెడితే కొద్దిగా రంగు మారిస్తే సరిపోయే మంచి ఫొటోలు కూడా కంటపడవు. అడోబీ స్టాక్‌లో అక్షరాలకు చోటున్న ఫొటోలను విడిగా చూపించే ఫిల్టర్ ఉంది, ఏఐతో తయారైనవాటిని తీసేసే వీలూ ఉంది. వార్తకో, ఆరోగ్య వ్యాసానికో వెతుకుతుంటే ఈ రెండోది తప్పకుండా వాడాలని నా అభిప్రాయం.

పాపులర్ వరసలో మొదట వచ్చేవి ఇప్పటికే వందల చోట్ల వాడినవి. వరసను కొత్తవాటికి మార్చండి. దగ్గరగా ఉన్న ఒక్క ఫొటో దొరికినా దాన్ని తెరిచి, అదే ఫొటోగ్రాఫర్ పోర్ట్‌ఫోలియోలోకి వెళ్లండి. అదే గదిలో అదే వెలుతురులో తీసిన మిగతా ఫ్రేములు అక్కడుంటాయి. వాటిలో చాలాసార్లు మొదటిదానికన్నా సహజమైనది ఒకటి దొరుకుతుంది. వరుస వ్యాసాలకైతే ఒకే షూట్ నుంచి నాలుగైదు తీసుకోవచ్చు, పేజీలన్నీ ఒక్క ఇంటివాటిలా ఉంటాయి.

నచ్చినవాటిని కలెక్షన్‌లో పెట్టి, కొనేముందే వాటర్‌మార్క్ ఉన్న నమూనా కాపీని దింపుకుని మీ పేజీలో అమర్చి చూడండి. శీర్షిక ఎడమవైపు వస్తుంటే మనిషి కుడివైపు ఉండాలి, చూపు శీర్షిక వైపు ఉంటే ఇంకా బాగుంటుంది. శీర్షిక వెనక దుప్పటి మడతల్లాంటి గజిబిజి ఉంటే అక్షరాలు చదవలేం. అద్దంలోలా తిప్పేస్తే సరిపోతుందిలే అనుకుంటారు గానీ, తిప్పగానే పుస్తకం మీది అక్షరాలు కుడి ఎడమలవుతాయి, చొక్కా బొత్తాలు అవతలి పక్కకు పోతాయి. నమూనా కాపీ ఇలా సరిచూసుకోవడానికే, ప్రచురించడానికి కాదు.

ఇప్పుడు అసలు సైజులో మూలమూలా చూడండి. గడియారం ఉన్న బొమ్మే ఎంచుకుంటే అది ఎంత చూపిస్తోంది? ప్రకటనల అలవాటు కొద్దీ ముళ్ల గడియారాలను 10:10 దగ్గర పెట్టి తీస్తారు. నిద్రపట్టని అర్ధరాత్రి గురించి రాసిన వ్యాసం పైన ఆ టైము నప్పదు. కర్టెన్ సందులోంచి ఎండ పడుతోందేమో చూడండి. ఫోన్ వెలుగు ముఖం మీద పడుతుంటే ఫోన్ తెర కూడా వెలుగుతూ ఉండాలి. ఏఐ బొమ్మలైతే వేళ్లు, గడియారం అంకెలు, దిండు గలీబు మీది డిజైన్ దగ్గర తేడా దొరికిపోతుంది.

వెబ్ పేజీకి 1920 పిక్సెళ్ల వెడల్పు చాలా సందర్భాల్లో సరిపోతుంది. అచ్చుకు లెక్క వేరు. ఏ4 పూర్తి పేజీకి 300 పీపీఐ (అంగుళానికి పిక్సెళ్లు) దగ్గర 2480×3508 పిక్సెళ్లు కావాలి, చుట్టూ కత్తిరింపుకు వదిలే 3 మి.మీ. అంచు (బ్లీడ్) కలిపితే సుమారు 2551×3579. 6000×4000 అడ్డం ఫొటోను పూర్తి ఎత్తు ఉంచి నిలువుగా కత్తిరిస్తే సుమారు 2828×4000 మిగులుతుంది, పేజీకి చాలు. అదే ఫొటోలో సగం ఎత్తే ఉన్న మనిషిని మాత్రమే తీసుకుంటే 2000 పిక్సెళ్లే, అంటే సుమారు 17 సెం.మీ. ఫైల్‌లో 72 అని ఉన్నదాన్ని 300 అని మార్చినంత మాత్రాన ఒక్క పిక్సెల్ కూడా పెరగదు. రాత్రి ఫొటోల్లో మెరిసే నీలం అచ్చు రంగుల పద్ధతి సీఎంవైకేలోకి మారగానే మసకబారుతుంది, దాన్ని కొనేముందే తెర మీద మార్చి చూసుకోవచ్చు.

లైసెన్స్ దగ్గర కంగారు పడకూడదు. రాయల్టీ ఫ్రీ అంటే ఉచితం అని కాదు, ఒకసారి డబ్బు కట్టి షరతులకు లోబడి పదేపదే వాడుకోవచ్చని. షట్టర్‌స్టాక్, అడోబీ స్టాక్‌ల మామూలు లైసెన్స్‌లో అచ్చు కాపీలకు 5,00,000 పరిమితి ఉంది. ఎడిటోరియల్ (వార్తలు, వ్యాసాలకే) అని రాసున్న ఫొటోను ప్రకటనలో వాడకూడదు, అందులోని మనుషుల నుంచో ఆస్తి యజమానుల నుంచో అనుమతి పత్రం లేకపోవచ్చు. ఈఫిల్ టవర్ పగటి ఫొటో ఫరవాలేదు గానీ రాత్రి దీపాల అలంకరణకు కాపీరైట్ ఉంది.

నిద్రలేమి లాంటి విషయంలో ఇంకో చిక్కుంది. మోడల్ అనుమతి పత్రం మీద సంతకం పెట్టినా సరే, ముఖం గుర్తుపట్టేలా ఉన్న మనిషిని జబ్బుతోనో మానసిక సమస్యతోనో ముడిపెట్టడం మీద లైబ్రరీలు ఆంక్షలు పెడతాయి. కొన్ని పూర్తిగా వద్దంటాయి, కొన్ని ఇది ఉదాహరణకే, ఇందులో ఉన్నది మోడల్ అని పక్కన రాయమంటాయి. ఆ మనిషి ఆ జబ్బున్నవాడని పాఠకుడు అనుకోవడం అన్యాయం కూడా. ముఖం లేని ఫొటో, అంటే దిండు మీద చెయ్యి, ఫోన్ వెలుగు ఎంచుకుంటే ఈ గొడవే ఉండదు.

ఉచిత సైట్లలో షరతులు కాలంతో మారాయి. అన్‌స్ప్లాష్ 2017లో, పిక్సాబే 2019లో ఏ షరతూ లేకుండా వాడుకోనిచ్చే సీసీ0 లైసెన్స్‌ను వదిలేసి సొంత లైసెన్స్‌లకు మారాయి. వికీమీడియా కామన్స్‌లో ప్రతి ఫైల్‌కూ విడిగా లైసెన్స్ ఉంటుంది. అది సీసీ బై ఎస్‌ఏ అనే లైసెన్స్ అయితే తీసినవారి పేరు, లైసెన్స్ లింకు ఇవ్వాలి, మార్పులు చేస్తే ఆ మాట చెప్పాలి, మార్చిన బొమ్మను అదే లైసెన్స్‌తో ఇవ్వాలి. ఉచిత సైట్‌లో పెట్టినవాళ్లు ఆ ఫొటో సొంతదారులేనన్న హామీ లేదు. బొమ్మ ఇస్తే అదే బొమ్మ ఇంకెక్కడుందో వెతికిపెట్టే టిన్‌ఐలోనో గూగుల్ లెన్స్‌లోనో వేసి చూడండి, అదే బొమ్మ ఇంకెక్కడో అమ్మకానికి కనిపిస్తే వదిలేయండి.

దింపుకున్నాక ఫైల్ పేరులోంచి ఐడీ నంబర్ తీసేయొద్దు. లైసెన్స్ కాపీ, బిల్లు, ఆ రోజు తేదీతో షరతుల పేజీ పీడీఎఫ్, మూడూ అదే ఫోల్డర్‌లో ఉంచండి.