డిసెంబరు రిలీజు, సంక్రాంతి సెలవు

జర్మనీలో ఉద్యోగానికొచ్చిన బెజవాడ, గుంటూరు వాళ్లకి కోడ్ కన్నా ముందు అలవాటు కావాల్సింది ఇక్కడి క్యాలెండరు. ఆగస్టు సెలవులు జనవరిలోనే రాసి పెట్టేస్తారు. సగం టీము విజయవాడలో ఉంటే జాంగో (పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఫ్రేమ్‌వర్క్) అప్‌గ్రేడ్‌ని కూడా అంత ముందుగానే రాసుకోవాలి.

అదృష్టంకొద్దీ జాంగో తేదీలు ముందే తెలుస్తాయి. ఎనిమిది నెలలకో వెర్షన్: డిసెంబరులో సున్నా (5.0 లాంటిది), ఆగస్టులో ఒకటి (5.1), ఏప్రిల్‌లో రెండు (5.2). చివరిదే ఎల్‌టీఎస్, అంటే ఎక్కువకాలం మద్దతుండే వెర్షన్, దానికి మూడేళ్లు. మిగతావాటికి 8 నెలలు బగ్ ఫిక్సులు, ఇంకో 8 నెలలు భద్రతకి, డేటా నష్టానికి సంబంధించిన ప్యాచ్‌లు, అంతే. 4.2 గడువు 2023 ఏప్రిల్ నుంచి 2026 ఏప్రిల్ దాకా. 5.2 వచ్చింది 2025 ఏప్రిల్‌లో. అంటే ఒక ఎల్‌టీఎస్ నుంచి ఇంకోదానికి మారడానికి ఉండేది ఒక్క ఏడాది.

ఆ ఏడాదీ పూర్తిగా చేతికి రాదు. మొదటి మూడు నాలుగు నెలలు మనం వాడే ప్యాకేజీలు కొత్త వెర్షన్‌ని అందుకోవడానికే పోతాయి. ఆగస్టులో జర్మన్లు ఉండరు. దసరాకి విజయవాడ ఆఫీసు పల్చబడుతుంది. డిసెంబరు రెండో వారం నుంచి ప్రొడక్షన్ (నిజంగా నడుస్తున్న సిస్టమ్) ముట్టుకోవద్దంటారు ఇక్కడి కస్టమర్లు. భోగి నుంచి కనుమ దాకా గుంటూరు వాళ్లకి ఫోన్ చేయడమే తప్పు. అసలు మార్పుకి నవంబరు పెట్టుకుని, ఫిబ్రవరిని తప్పిపోతే వాడుకునే నెలగా ఉంచుకోవడం మేలు.

4.2 మీద ఉండగానే పైథాన్‌ని 3.12కి, డేటాబేస్ అయిన పోస్ట్‌గ్రెస్‌ని 14కో ఆ పైకో తీసుకెళ్లాలి. 5.2కి కనీసం పైథాన్ 3.10, పోస్ట్‌గ్రెస్ 14 కావాలి, 4.2 రెండింటితోనూ నడుస్తుంది. అన్నీ ఒకే రాత్రి మారిస్తే ఏది విరిగిందో తేలదు. తర్వాత పైథాన్ హెచ్చరికలన్నీ కనిపించేలా పెట్టి టెస్టులు నడపాలి. టెస్టులు తాకే కోడ్‌లో తీసేయబోయే ఫీచర్లు అక్కడ పేరుతో సహా బయటపడతాయి. అవి శుభ్రం చేశాక 5.0, 5.1, 5.2 అని మెట్టుమెట్టుగా ఎక్కాలి.

ఎర్రర్‌తో ఆగిపోయేవాటితో పెద్ద బాధ లేదు. లాగౌట్‌ని మామూలు లింకుగా పెట్టినవాళ్లకి 5.0లో 405 (ఈ పద్ధతికి అనుమతి లేదు) అనే ఎర్రర్ కనిపిస్తుంది; దాన్ని పోస్ట్ ఫారంగా మారిస్తే సరి. చప్పుడు చేయకుండా దెబ్బ తీసేది డిఫాల్ట్ ఫైల్ స్టోరేజ్ సెట్టింగ్, అంటే అప్‌లోడ్ చేసిన ఫైళ్లు ఎక్కడ దాచాలో చెప్పేది. 4.2లోనే దాని స్థానంలో స్టోరేజెస్ అనే డిక్షనరీ వచ్చింది, 5.1లో పాతదాన్ని తీసేశారు. ఆ ముందటి హెచ్చరికని చూడక పాత పేరు సెట్టింగ్స్‌లో మిగిలిపోతే 5.1 నుంచి జాంగో నోరెత్తదు, పట్టించుకోదంతే. క్లౌడ్ బకెట్‌కి (ఆన్‌లైన్‌లో ఫైళ్లు దాచే చోటుకి) వెళ్లాల్సిన అప్‌లోడ్‌లు యాప్ నడిచే కంటైనర్ తాత్కాలిక డిస్కులో పడతాయి. మళ్లీ డిప్లాయ్ చేసేసరికి అవి ఉండవు. టెస్టుల్లో చాలామంది స్టోరేజ్‌ని నకిలీది పెడతారు కాబట్టి అక్కడా దొరకదు. స్టేజింగ్‌లో (ప్రొడక్షన్‌కి నకలుగా పెట్టుకునే సిస్టమ్‌లో) ఒక ఫైలు ఎక్కించి, బకెట్ తెరిచి కళ్లతో చూసుకోవాల్సిందే. 5.0లో యూజ్ టీజడ్ (వేళల్ని టైమ్‌జోన్‌తో కలిపి చూడాలా అని చెప్పే సెట్టింగ్) డిఫాల్ట్ కూడా ట్రూ అయింది. పాత ప్రాజెక్టుల్లో ఆ లైను లేకపోతే వేళలు అటూఇటూ అవుతాయి, అందుకే ఉన్న విలువనే ముందుగా స్పష్టంగా రాసిపెట్టాలి.

చలికాలంలో రెండు చోట్లకీ తేడా నాలుగున్నర గంటలు. జర్మనీలో ఉదయం 9కి మొదలుపెడితే విజయవాడలో మధ్యాహ్నం ఒకటిన్నర, ఇద్దరికీ ఇంకా పని గంటలు మిగిలి ఉంటాయి. శుక్రవారం మాత్రం వద్దు.

డిసెంబరు నిషేధంలోంచి 5.2లోపలి భద్రతా ప్యాచ్‌లకి మినహాయింపు ముందే కస్టమర్‌తో రాయించుకోవాలి. సర్వర్ తాళాలు (లాగిన్ వివరాలు) రెండు దేశాల్లోనూ ఒక్కొక్కరి దగ్గరైనా ఉండాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగిన రోజుల్లాంటివి వస్తే అక్కడి నుంచి ఎవరూ లాగిన్ కాలేరు.