లంబసింగి ఘాట్‌లో బండి మీద చలి ఆగాలంటే

డిసెంబరు, జనవరిలో నర్సీపట్నం నుంచి చీకట్లోనే లంబసింగికి బయల్దేరేవాళ్లు స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకుంటారు. అయినా వణుకుతారు, అల్లిక సందుల్లోంచి గాలి దూరిపోతుంది మరి. 5 డిగ్రీల చలిలో 60 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒంటికి సున్నా కంటే తక్కువున్నట్టే తగులుతుంది. ఒక మంచి స్వెట్టరు, దాని మీద గాలి దూరని రెయిన్‌కోటు జాకెట్ వేసుకుని మెడదాకా జిప్ లాగండి. జాకెట్ లేకపోతే స్వెట్టరు లోపల ఛాతీకి అడ్డంగా నాలుగు మడతల న్యూస్‌పేపరు పెట్టండి, చాలావరకు ఆగుతుంది.

అసలు ప్రమాదం వేళ్లతోనే. అవి మొద్దుబారితే క్లచ్, బ్రేకు సమయానికి పట్టలేం. ఘాట్ మలుపుల్లో అది ప్రాణాల మీదకి తెస్తుంది. ఆసుపత్రుల్లో వాడే రబ్బరులాంటి పల్చటి నైట్రైల్ గ్లవ్స్ తొడిగి, పైన కాస్త వదులుగా ఉండే రైడింగ్ గ్లవ్స్ వేయండి. బిగుతుగా ఉంటే రక్తం సరిగ్గా ఆడక వేళ్లు ఇంకా చల్లబడతాయి. నైట్రైల్ లోపల చెమట పడుతుంది కాబట్టి టీకి ఆగినప్పుడు తీసి, చేతులు తుడుచుకుని మళ్లీ తొడగండి. గ్లవ్స్‌తో సైలెన్సర్ మాత్రం ముట్టుకోకండి, కరిగి అంటుకుంటాయి.

హెల్మెట్ అద్దానికి లోపల అంట్లు తోమే లిక్విడ్ ఒక్క చుక్క రాసి, మరక పోయేదాకా పొడిబట్టతో తుడిస్తే ఆవిరి అంతగా పట్టదు. ఒళ్లు ఆగకుండా వణుకుతుంటే మాత్రం బండి పక్కన ఆపేయండి.