వెండి కింద, రంగు పైన

చిన్న చిన్న బొమ్మలకి రంగులేసి ఆడే వార్‌హామర్ అనే యుద్ధం ఆటలో థౌజండ్ సన్స్ అని ఒక సైన్యం ఉంది. నీలం కవచాలు, వాటి చుట్టూ బంగారు అంచులు. ఆ నీలాన్ని మామూలు నీలంతో వేసినా తప్పేం లేదు, కానీ లోహం మీద రంగెక్కినట్టు లోపలి నుంచి మెరిసే నీలం వేస్తే మాత్రం అల్మరాలో మిగతా బొమ్మలన్నీ వెలవెలబోతాయి. అందుకోసం కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే పని, వెండి రంగులో నీలం రంగు కలిపేయడం. అలా కలిపితే వచ్చేది బూడిద నీలమే, మెరుపు ఉందా లేదా అని లైటు కింద తిప్పి తిప్పి చూసుకోవాలి.

ఎందుకంటే వెండి రంగు సీసాలో వెండి ఉండదు. సన్నటి అల్యూమినియం రేకులో, పైపూత వేసిన అభ్రకం పలుకులో ఉంటాయి (గూడూరు వైపు వాళ్ళకి అభ్రకం గురించి నేను చెప్పక్కర్లేదు). అవి పడుకున్న చోట అద్దంలా వెలుగుని వెనక్కి కొడతాయి. మామూలు నీలంలో ఉండే పిగ్మెంటు (రంగు పొడి) వెలుగుని అడ్డుకునే రకం, దాన్ని కలిపామంటే ఆ చిన్న చిన్న అద్దాలన్నిటి మీదా బురద పూసినట్టే.

కాబట్టి కలపొద్దు, పొరలుగా వెయ్యండి. కింద వెండి, దాని మీద పారదర్శకమైన రంగు. వెలుగు రంగు పొరలోంచి లోపలికి వెళ్ళి, వెండి మీద పడి, మళ్ళీ అదే పొరలోంచి బయటికొస్తుంది, అంటే రెండుసార్లు వడకట్టినట్టు. రంగు అంత చిక్కగా కనిపించడానికి కారణం అదే. చాక్లెట్ చుట్టిన ఎర్ర రేకు కూడా ఇలాంటిదే, అల్యూమినియం రేకు మీద పారదర్శకమైన ఎరుపు. కార్లకి ఇలా వేస్తే క్యాండీ పెయింట్ అంటారు, జపాన్‌వాళ్ళ గండమ్ రోబో బొమ్మలు చేసేవాళ్ళు కూడా అదే మాట వాడతారు.

పారదర్శకమైన రంగుల్లో ఎక్కువమందికి తెలిసినవి తమియా అనే కంపెనీ క్లియర్ రంగులు. ఎక్స్-27 ఎరుపు, ఎక్స్-23 నీలం, ఎక్స్-25 ఆకుపచ్చ. ఆ ఎరుపుని సగం మంది రక్తం మరకలకే వాడేస్తారు, అది వేరే సంగతి. ఎయిర్‌బ్రష్‌తో (గాలితో రంగు చిమ్మే పెన్ను లాంటిది) ఇవి అద్భుతం. బ్రష్‌తో మాత్రం కాస్త చిరాకు పెడతాయి, జిగటగా సాగుతాయి, ఆరే లోపు అదే చోట రెండోసారి రుద్దితే కింద ఉన్న వెండి కూడా లేచొచ్చేస్తుంది. బ్రష్ మాత్రమే ఉన్నవాళ్ళకి నేను చెప్పేది యాక్రిలిక్ ఇంకులు, లేదంటే వార్‌హామర్ కంపెనీ సొంత రంగులైన సిటడెల్‌లో సోల్‌స్టోన్ బ్లూ, స్పిరిట్‌స్టోన్ రెడ్ లాంటివి. 2019లో సిటడెల్‌లోనే వచ్చిన కాంట్రాస్ట్ అనే పల్చటి రంగులు కూడా వెండి మీద బానే పనిచేస్తాయి, కాకపోతే గుంటల్లోకి జారి అక్కడ చిక్కబడతాయి. గొలుసు కవచం, ఈకలు, పొలుసులు ఉన్నచోట అది మనకి లాభమే, నీడలు వాటంతటవే వస్తాయి. భుజం మీద ఉండే గుండ్రటి నున్నటి పలకల మీద మాత్రం నీటి మరకల్లా అంచులు కడతాయి. అలాంటి చోట మీడియంతో (రంగుని పల్చన చేసే రంగులేని ద్రవం) బాగా పల్చన చేసి, ఒక్కో పొర పూర్తిగా ఆరాకే ఇంకోటి వేసుకుంటూ పోవాలి. ఓపిక లేకపోతే ఆ బొమ్మని పక్కనపెట్టి టీ తాగి రండి, తడి మీద తడి వెయ్యకండి.

అసలు కష్టం రంగుది కాదు, కింద వేసే వెండిదే. అది గరుకుగా ఉంటే పైన ఏం వేసినా గరుకే. పల్చటి అల్యూమినియం రంగుని నిగనిగలాడే నల్ల ప్రైమర్ (అన్నిటికన్నా ముందు వేసే పూత) మీద వేస్తే వచ్చే నునుపు, మ్యాట్ అంటే మెరుపు లేని ప్రైమర్ మీద రాదు. వాలేహో అనే కంపెనీ మెటల్ కలర్ సీసాలు ఇందుకు నాకు బాగా నచ్చాయి, రేకులు చాలా సన్నగా ఉంటాయి. ఇంకోటి, నీడ రావాల్సిన చోట ముదురు ఉక్కు రంగు, వెలుగు పడే చోట తెల్లటి వెండి ముందే వేసుకుంటే, పైన ఒకే నీలం వేసినా రెండు మూడు నీలాలు వేసినట్టు కనిపిస్తుంది. బ్రష్ కడిగే నీళ్ళకి వేరే కప్పు పెట్టుకోండి. ఆ మెరుపు రేకులు నీళ్ళలో తేలుతూ తర్వాత వేసే ముఖాల మీదికి చేరాయంటే బొమ్మలన్నీ పెళ్ళికి మేకప్ వేసుకున్నట్టు తయారవుతాయి.

చివర్లో మ్యాట్ వార్నిష్ కొట్టి అంతా చంపేసేవాళ్ళని కూడా చూశాను. మ్యాట్ వార్నిష్ వెలుగుని చెదరగొట్టడానికే ఉంది, మనకి కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. మెరుపు ఉన్న చోట నిగనిగలాడే గ్లాస్ వార్నిషో, సగం మెరుపుండే శాటిన్ వార్నిషో వేసి, బట్టలూ చర్మం వరకే మ్యాట్ బ్రష్‌తో వేసుకోండి. వైజాగ్, కాకినాడ వైపు ఉంటే వానాకాలంలో స్ప్రే డబ్బా జోలికి పోకపోవడమే మంచిది, గాలిలో తేమ ఎక్కువైతే వార్నిష్ తెల్లగా మంచు పట్టినట్టు అవుతుంది.

ఇదే పద్ధతితో నాకు అన్నిటికన్నా సరదాగా అనిపించేది కాలిన పైపులు వెయ్యడం. బైకు సైలెన్సర్ బెండ్ పైపు మీద పసుపు, ఊదా, నీలం పట్టీలు మీరూ చూసే ఉంటారు. ఉక్కు వేడెక్కే కొద్దీ పైన పెరిగే ఆక్సైడ్ పొర మందం వల్ల వచ్చే రంగులవి. ముందు లేత గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, సుమారు 300 డిగ్రీల దగ్గర నీలం. కాబట్టి బొమ్మ మీద వేసేటప్పుడు మంట వచ్చే చోటికి దగ్గరగా నీలం ఉండాలి, దూరం పోయే కొద్దీ ఊదా, చివర పసుపు. చాలామంది దీన్ని తిరగేసి వేస్తారు, చూస్తే ఎందుకో ఏదో తేడాగా ఉంటుంది. వెండి మీద పల్చటి పసుపు ఇంకు, దాని అంచు మీదికి ఎక్కేలా ఊదా, ఆ అంచు మీదికి నీలం, అంతే. థౌజండ్ సన్స్ అయ్యాక ఆల్ఫా లీజియన్ అనే ఇంకో సైన్యం మొదలుపెడదామనుకుంటున్నా. వాళ్ళకి వెండి మీద నీలం, ఆకుపచ్చ రెండూ వెయ్యాలి. ఏది ముందు వెయ్యాలో ప్లాస్టిక్ చెంచాల మీద వేసి చూస్తున్నా, ఇప్పటికైతే ఆకుపచ్చ ముందు వేసిందే బాగుంది.