హుదా షారావీ వ్యాసం: మూడు ప్రతులు

మా ఊరి మహిళా అధ్యయన బృందం తెచ్చే చిన్న పత్రికకు ఈజిప్టు స్త్రీల ఉద్యమం మీద రెండు పేజీలు రాసిస్తానని ఒప్పుకున్నాను. మొదటి ప్రతి ఒక్క రాత్రిలో అయిపోయింది. 1923లో రోమ్‌లో జరిగిన అంతర్జాతీయ స్త్రీల మహాసభ నుంచి తిరిగొచ్చిన ఆ ఉద్యమ నాయకురాలు హుదా షారావీ కైరో రైల్వేస్టేషన్‌లో బురఖా తీసేసిందంటూ మొదలుపెట్టాను.

ప్రతి చదివిన స్నేహితురాలు, తను రోజూ బురఖా వేసుకునే మనిషి, పెన్సిలుతో ఆ మాట చుట్టూ సున్నా చుట్టింది. "అక్కా, తీసింది ముఖం మీది ముసుగా, తల మీది వస్త్రమా?" అని అడిగింది. పాత ఫొటోలు వెతికాను. ముఖం కనిపిస్తోంది, జుట్టు మీద వస్త్రం అలాగే ఉంది. మాట దిద్దుకుని మళ్లీ చదివితే, ఒక దేశపు స్త్రీల పోరాటమంతటినీ ఆ ప్లాట్‌ఫారం మీదే కుక్కేశానని తెలిసింది.

రెండో ప్రతికి హుదా రాసుకున్న జ్ఞాపకాలు ముందు పెట్టుకున్నాను. ఖురాన్ కంఠస్థం చేసిన పిల్ల వ్యాకరణం నేర్చుకుంటానంటే, న్యాయమూర్తి అయ్యేది లేదు కదా, ఈమెకు వ్యాకరణం ఎందుకని పుస్తకం తిప్పి పంపేశారు. పదమూడేళ్లకు పెళ్లి చేశారు. ఆ పిల్లే పెద్దదై, స్వాతంత్ర్యోద్యమ నాయకుడు సాద్ జగ్లూల్‌ను ఆంగ్లేయులు దేశం నుంచి వెళ్లగొట్టి మాల్టా ద్వీపానికి పంపేసిన 1919 మార్చిలో, 16వ తేదీన కైరో వీధిలోకి వచ్చింది. వచ్చిన స్త్రీలందరి ముఖాల మీదా ముసుగులున్నాయి. సైనికులు చుట్టుముట్టి మూడు గంటలు ఎండలో నిలబెట్టారు. తన మీదికి తుపాకీ గురిపెట్టినవాడికి హుదా ఎదురు నడిచింది. ఆ పేరా దగ్గర కలం చాలాసేపు కదల్లేదు.

మూడో ప్రతి ఆ ఎండతోనే మొదలైంది. స్టేషనుకు మూడు వాక్యాలు మిగిలాయి. 1923లో ఈజిప్టు స్త్రీల సంఘం పెట్టడం, అదే ఏడు ఆడపిల్లల పెళ్లి వయసు పదహారుగా చట్టం రావడం చేర్చాను. స్వాతంత్ర్యం కోసం వీధిలో నిలబడిన ఆడవాళ్లకు కొత్త ప్రభుత్వం ఓటు ఇవ్వలేదని రాస్తుంటే కోపం ఆగలేదు. 1924లో పార్లమెంటు తెరిచిన రోజున వాళ్లు నినాదాల అట్టలు పట్టుకుని బయట నిలబడ్డారు. 1938లో పాలస్తీనా కోసం కైరోలో ఆమె నడిపిన సభను ఒక్క వాక్యంలో సర్దాల్సి రావడం ఇప్పటికీ బాధే.

అచ్చుకు వెళ్లే ముందు స్నేహితురాలు ఫోను చేసింది. "మరి ఓటు ఎప్పుడొచ్చింది అక్కా?"

1956లో. హుదా 1947లోనే పోయింది. ఆ రెండు ఏళ్లనూ చివరి వరుసగా చేర్చి పంపాను.