అలర్జీ ఉన్న ఇంట్లో గాలి: పడకగది నుంచి మొదలుపెట్టడం గురించి

తిరుపతిలో దుమ్ము పడనివాళ్ళు మొదట తప్పు పట్టేది రోడ్డునే. అలిపిరి వైపు రాత్రింబవళ్ళు తిరిగే బస్సులు, కరకంబాడి రోడ్డులో లారీలు, ఎప్పుడూ ఏదో ఒక మూల తవ్వి ఉండే వీధులు, వీటి మధ్య బతికేవాళ్ళు అలా అనుకోవడం సహజమే. అయితే మా అమ్మకు తుమ్ములు మొదలయ్యేది తెల్లవారి పడక మీద నుంచి లేస్తూనే. వరసగా తుమ్ములు, కళ్ళ దురద, ముక్కు కారడం, పొద్దెక్కేసరికి కాస్త నెమ్మదించడం, మళ్ళీ రాత్రి పడుకోగానే ముక్కు దిబ్బడ వేయడం. వేళలు ఇంత కచ్చితంగా ఉన్నప్పుడు కారణం ఇంట్లోనే, అందులోనూ పడకగదిలోనే ఉండాలని డాక్టరుగారు అన్నారు.

ఆయన ముందుగా చేయించినది చర్మం మీద చేసే అలర్జీ పరీక్ష. ముంజేతి మీద ఒక్కొక్క అలర్జీ కారకపు చుక్క వేసి, సూదితో పైపైన గుచ్చి, పావుగంట ఇరవై నిమిషాల్లో ఎక్కడ దద్దురు లేచిందో చూస్తారు. పరీక్షకు కొన్ని రోజుల ముందు నుంచి జలుబు, అలర్జీ మాత్రలు ఆపవలసి ఉంటుంది కనుక ఆ సంగతి డాక్టరును అడిగి తెలుసుకోవాలి. అమ్మకు పడనివి డస్ట్ మైట్లు, బొద్దింకలు అని తేలింది. ఇల్లంతా మార్చే పని పెట్టుకునే ముందు ఈ పరీక్ష చేయించుకోవడం చాలా అవసరమని నేను గట్టిగా చెబుతాను. పిల్లి పడనివాళ్ళకు, బూజు పడనివాళ్ళకు, పుప్పొడి పడనివాళ్ళకు ఇంట్లో చేయవలసిన పనులు వేరువేరు. ఏది పడదో తెలియకుండా ఖర్చు పెడితే ఆ డబ్బు ఎక్కడికి పోయిందో కూడా తెలియదు. గాలిలోకి ఏమి చేరుతున్నదో కనిపెట్టి, దాన్ని పుట్టేచోటే ఆపడం మొదటి పని. గాలిని వడకట్టే యంత్రం మాట ఆ తరవాతే.

డస్ట్ మైట్ సాలెపురుగుల జాతికి దగ్గరి ఎనిమిది కాళ్ళ జీవి. పొడవు సుమారు 0.3 మిల్లీమీటరు, కాబట్టి మామూలు చూపుకు ఆనదు. మన ఒంటి నుంచి రాలే చర్మపు పొట్టు దాని ఆహారం. అది విడిగా నీళ్ళు తాగదు, గాలిలోని తేమనే ఒంట్లోకి పీల్చుకుని బతుకుతుంది. పరుపు, దిండు, బొంత దానికి అన్నీ అమర్చి పెట్టిన చోట్లు: తిండి అక్కడే రాలుతుంది, మన ఊపిరి, చెమట తేమనిస్తాయి, ఒంటి వెచ్చదనం తోడవుతుంది. ఇంటి దుమ్ము పడకపోవడానికి మూలం ఈ పురుగేనని నెదర్లాండ్స్‌లోని లైడెన్ పరిశోధకులు 1964లో ప్రతిపాదించారు. మనిషిని బాధపెట్టేది ప్రధానంగా దాని విసర్జనలో ఉండే ప్రోటీన్లు. ఆ రేణువులు గాలిలో తేలే వాటితో పోలిస్తే పెద్దవి, బరువైనవి. దుప్పటి విదిల్చినప్పుడు, పక్క మీద దొర్లినప్పుడు లేచి, కొద్ది నిమిషాల్లోనే మళ్ళీ కిందికి దిగిపోతాయి. గది మూలన పెట్టిన ఎయిర్ ప్యూరిఫైయర్ ఈ అలర్జీకి పెద్దగా అక్కరకు రాకపోవడానికి కారణం ఇదే. ముక్కు దిండుకు ఆనించి పడుకున్న మనిషికి, దిండులో నుంచి లేచే రేణువు యంత్రం దాకా వెళ్ళే లోపే లోపలికి చేరిపోతుంది.

అందువల్ల మా ఇంట్లో పని పక్క దగ్గరే మొదలైంది. అమ్మ ఏళ్ళ తరబడి వాడుతున్న బూరుగు దూది పరుపునూ దిండ్లనూ తీసేసి, కొత్త పరుపుకూ దిండ్లకూ జిప్పు ఉండే దగ్గరి నేత తొడుగులు వేశాము. ప్లాస్టిక్ తొడుగు మన ఎండకాలంలో చెమట పట్టించి నిద్ర పట్టనివ్వదు కాబట్టి, గాలి ఆడే సన్నని నేత దొరికేదాకా వెతకడం మంచిది. దుప్పట్లు, గలీబులు వారానికి ఒకసారి 60 డిగ్రీల వేడి నీళ్ళలో ఉతుకుతాము. చన్నీళ్ళలో ఉతికితే రేణువులు చాలావరకు కొట్టుకుపోతాయి గాని పురుగులు చావవు. వాషింగ్ మెషీన్‌లో హీటర్ లేనివాళ్ళు కాగబెట్టిన నీళ్ళలో నానబెట్టి ఆ తరవాత ఉతకవచ్చు. పరుపును మిద్దె మీద ఎండలో వేసే మన పాత అలవాటు మంచిదే. తిరుపతి ఎండకు పరుపు లోపలి తేమ ఆరి పురుగులు తగ్గుతాయి. అయితే చచ్చిన పురుగుల అవశేషాలూ విసర్జనా ఎండకు పోవు కనుక, ఎండబెట్టిన పరుపును బయటే బాగా దులపాలి. ఆ దులిపే పని మాత్రం అలర్జీ ఉన్నవాళ్ళు పెట్టుకోకూడదు.

ఇక్కడ ఒక విషయం నిజాయితీగా చెప్పాలి. తొడుగులు వేయడం ఒక్కటే సరిపోదు. బ్రిటన్‌లో ఉబ్బసం ఉన్న 1,122 మంది పెద్దవాళ్ళ మీద జరిగి 2003లో వెలువడిన పరిశోధనలో, పరుపు తొడుగులు మాత్రమే వాడినవాళ్ళకు మామూలు గుడ్డ తొడుగులు వాడినవాళ్ళకంటే ఎక్కువ మేలు కనిపించలేదు. ఆ మరుసటి ఏడు అమెరికాలోని ఏడు నగరాల్లో 5 నుంచి 11 ఏళ్ళ ఉబ్బసం పిల్లలు 937 మంది మీద జరిగిన మరో పరిశోధన ఫలితాలు వచ్చాయి. అందులో ఒక్కొక్క పిల్లవాడికి ఏది పడదో పరీక్షించి, దాన్ని బట్టి తొడుగులు, బొద్దింకల నివారణ, పొగ మానిపించడం, అవసరమైన చోట గాలి వడపోత, అన్నీ కలిపి ఇంట్లో అమలు చేశారు. ఆ పిల్లలకు ఆయాసం వచ్చే రోజులు తగ్గాయి, ఆ మేలు రెండో సంవత్సరంలోనూ నిలిచింది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి చదివాకే మా ఇంట్లో ఒక వస్తువు కొని ఊరుకునే ఆలోచన మానుకున్నాము. ఇవన్నీ చేస్తున్నామని డాక్టరు రాసిన ఇన్‌హేలర్‌నో, ముక్కులో కొట్టుకునే స్ప్రేనో సొంతంగా ఆపేయడం ప్రమాదం.

ఊడవడం గురించి కొంచెం. పొరకతో పొడిగా ఊడ్చినప్పుడు నేల మీద దిగిన దుమ్మంతా మళ్ళీ ముక్కు ఎత్తుకు లేస్తుంది. మోజాయిక్, గ్రానైట్ నేలలు మన ఇళ్ళకు పెద్ద వరం, తివాచీలు పరిచే దేశాలవాళ్ళకు ఈ సౌకర్యం లేదు. ముందు తడిగుడ్డతో అలమరలూ కిటికీ చువ్వలూ ఫ్యాను రెక్కలూ తుడిచి, ఆ తరవాత నేలను తడిగుడ్డతో తుడిస్తే దుమ్ము లేవదు. ఉగాదికో సంక్రాంతికో అటక దులిపే రోజున అలర్జీ ఉన్న మనిషిని బంధువుల ఇంటికి పంపడం మేలు. కుదరకపోతే ఎన్-95 మాస్కు పెట్టించాలి. ఘాటైన ఫినాయిల్ వాసన కూడా ఇలాంటివాళ్ళ ముక్కును రేపుతుంది.

అన్నిటికంటే కష్టమైనది పొగ సంగతి. మనది ఏడుకొండలవాడి ఊరు. శుక్రవారం సాంబ్రాణి, శనివారం పూజ, రోజూ రెండు పూటలా అగరుబత్తీ లేని ఇల్లు అరుదు. పొగ అలర్జీ కారకం కాకపోవచ్చు గాని, అప్పటికే వాచి ఉన్న ముక్కునూ ఊపిరి గొట్టాలనూ మరింత రేపుతుంది. పువ్వులతో చేసినదైనా, గంధంతో చేసినదైనా కాలినప్పుడు వచ్చేది సన్నని రేణువులే. 2.5 మైక్రాన్లకంటే సన్నని ఈ రేణువులు ఊపిరితిత్తుల లోతుదాకా వెళతాయి. 24 గంటల సగటున గాలిలో ఇవి ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది, మన దేశపు ప్రమాణం 60. కిటికీలు మూసిన చిన్న గదిలో ఒక అగరుబత్తీ వెలిగిస్తే ఆ కాసేపు లెక్క ఎక్కడికి చేరుతుందో గాలి కొలిచే చిన్న మీటరు పెట్టి చూసినవాళ్ళకు తెలుస్తుంది. దోమల చుట్ట ఇంకా చెడ్డది. ఒక చుట్ట పూర్తిగా కాలితే వెలువడే సన్నని రేణువులు 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది.

అమ్మతో ఈ మాట ఎత్తడానికి నాకు చాలా రోజులు మనసు ఒప్పలేదు. ఆమె యాభై ఏళ్ళ అలవాటు అది. చివరికి దారి చూపింది ఆమే. "దేవుడికి దీపం ముఖ్యం గాని పొగ కాదులేరా" అని, అగరుబత్తీని వాకిట్లో తులసికోట దగ్గరికి మార్చింది. పూజ గదిలో ఇప్పుడు నూనె దీపం, పువ్వులు మాత్రమే. సాంబ్రాణి వేసేది పండగలకే, అదీ కిటికీలన్నీ తెరిచి, ఆమె బయట కూర్చున్నాక. దోమల కోసం కిటికీలకు జాలీ కొట్టించి, మంచానికి దోమతెర కట్టాము. పెద్దవాళ్ళ భక్తిని నొప్పించకుండా పొగను మాత్రం ఇంటి బయటికి పంపడం సాధ్యమేనని చెప్పడానికే ఇంత వివరంగా రాస్తున్నాను.

వంటింట్లో పోపు పెట్టేటప్పుడు, ఎండుమిరపకాయలు వేయించేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, వంట అయ్యాక కూడా కొంతసేపు ఉంచాలి. చిమ్నీ కొనేవాళ్ళు గొట్టం గోడ బయటికి పోయే రకమే కొనాలి. గొట్టం లేనిది నూనె జిడ్డును పట్టుకుంటుంది గాని గ్యాస్ మంట నుంచి వచ్చే వాయువులను తిరిగి వంటింట్లోకే వదులుతుంది. బొద్దింకల విషయానికి వస్తే, వాటి విసర్జనా, లాలాజలమూ, ఎండిన ఒంటి ముక్కలూ దుమ్ములో కలిసి అలర్జీ తెస్తాయి. మందు స్ప్రే చేస్తే ఆ ఘాటుకు అమ్మకు దగ్గు వచ్చేది కాబట్టి, అలమరల మూలల్లో చుక్కలుగా పెట్టే జెల్ మందుకు మారాము. రాత్రి సంగటి గిన్నె నానబెట్టి వదలకుండా కడిగేయడం, తూములకు జాలీ మూతలు పెట్టడం, సిలిండర్ వెనక తుడవడం, ఈ మూడూ కలిస్తేనే ఆ జెల్‌కు ఫలితం.

పుప్పొడి పడనివాళ్ళకు కిటికీల విషయంలో జాగ్రత్త ఎక్కువ కావాలి. మన ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ, చెరువు గట్ల మీది సర్కారు తుమ్మ రెండూ అలర్జీకి పేరుపడ్డవే. ప్రహరీ పక్కన వయ్యారిభామ కనిపిస్తే పూత రాకముందే, చేతికి తొడుగు వేసుకుని వేళ్ళతో సహా పీకించాలి. వీధి ఊడ్చే వేళ, భోగి మంటల తెల్లవారు కిటికీలు మూసి ఉంచి, గాలి తేటపడ్డాక తెరవాలి.

ఇప్పుడు ఎయిర్ ప్యూరిఫైయర్. పొగకూ పుప్పొడికీ పిల్లి నూగుకూ ఇది నిజంగా ఉపయోగపడుతుంది. హెపా వడపోత 0.3 మైక్రాన్ రేణువులను 99.97 శాతం పట్టుకుంటుంది. కొనేటప్పుడు చూడవలసినది సీఏడీఆర్ అనే అంకె, అంటే ఆ యంత్రం ఎంత శుభ్రమైన గాలిని ఇస్తుందన్న కొలత. గది చదరపు అడుగుల్లో మూడింట రెండు వంతులు ఆ అంకె నిమిషానికి ఘనపు అడుగుల్లో ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. 120 చదరపు అడుగుల గదికి 80, గంటకు ఘనపు మీటర్లలో చెప్పే పెట్టె మీద అయితే సుమారు 136. తలుపులు తెరిచి ఉంచితే ఈ లెక్క పనికిరాదు. ఓజోన్ విడుదల చేసే యంత్రాల జోలికి అసలే పోకూడదు, ఓజోన్ ఊపిరితిత్తులను గాయపరుస్తుంది. ఇంట్లో మొక్కలు పెడితే గాలి శుభ్రపడుతుందన్న మాట కూడా నిలవదు. కిటికీల ద్వారా జరిగే పనికి సాటి రావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1,000 మొక్కలు కావాలని 2019 నాటి సమీక్ష ఒకటి లెక్క కట్టింది. పైగా తడి కుండీ మట్టి బూజుకు తావు.

బూజు అంటే మన దగ్గర అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. తేమ కొలిచే చిన్న మీటరు ఒకటి పడకగదిలో పెట్టుకుంటే చాలా సంగతులు తెలుస్తాయి. 50 శాతానికి దిగువన డస్ట్ మైట్లు నిలదొక్కుకోలేవు. ముసురు పట్టిన రోజుల్లో ఆ అంకె మనకు సాధ్యం కాకపోయినా, తడి బట్టలు గదిలో ఆరవేయకపోవడం, స్నానాల గది ఫ్యాన్ వేయడం, ఏసీ ఉంటే కొంతసేపు డ్రై మోడ్‌లో నడపడం వల్ల 60 దగ్గరికి తేవచ్చు. ఏసీ జాలీని రెండు వారాలకొకసారి కడగాలి. ఎండకాలంలో కూలర్ వాడేవాళ్ళు గమనించవలసినది ఏమిటంటే, పొడిగా ఉండే మే నెలలో కూడా అది గదిలోకి వానాకాలపు తేమను తెస్తుంది. నీళ్ళు రోజూ మార్చి, తడి మెత్తలను ఎండబెట్టకపోతే అక్కడే బూజు పుడుతుంది. అమ్మ గదిలో కూలర్ తీసేశాము.

గోడకు పట్టిన నల్లటి బూజును సబ్బు నీళ్ళతో కడిగి ఆరబెట్టాక, మళ్ళీ అక్కడే వస్తే లోపం గోడ వెనక ఉన్నట్టు. దాని మీద సున్నమో పెయింటో వేస్తే కొన్ని వారాలు కనిపించదు, అంతే. మా పడకగది తూర్పు గోడకు మిద్దె మీద నీటి తొట్టి కింద పగులు ఉంది. వానలు మొదలైతే ఆ పని జరగదు కాబట్టి, సెప్టెంబరు లోపలే మేస్త్రీని పిలిచి పగులు పూడ్పించి, మిద్దె వాలు సరిచేయించాలని నిర్ణయించుకున్నాము.