ఒంటికాలి మీద మూడు కిలోలు

పక్షుల ఫొటోలకు నా లెన్సు నికాన్ 200-500. కాలర్‌తో (లెన్సు చుట్టూ ఉండే పట్టీ, స్టాండుకు బిగించే కాలు దాని కిందే ఉంటుంది) కలిపి 2,300 గ్రాములు. దాని వెనక డీ500 కెమెరా బాడీ, బ్యాటరీతో సహా 860. రెండూ కలిస్తే మూడు కిలోల నూట అరవై. రైతుబజారు నుంచి సంచిలో తెచ్చుకునేటప్పుడు మూడు కిలోలు ఒక లెక్కలోది కాదు. అదే బరువును కంటికి ఆనించుకుని రోళ్లపాడు గడ్డి మైదానంలో నిలబడితే, రెండు నిమిషాలకు మోచేతులు వణుకుతాయి. అయిదు నిమిషాలకు భుజం మాట వినదు.

రోళ్లపాడును 1988లో బట్టమేక పక్షి కోసం అభయారణ్యం చేశారు. నేను కర్నూలు నుంచి అక్కడికి పోవడం మొదలుపెట్టాక బట్టమేక నాకు ఒక్కసారి కూడా కనబడలేదు. నేను పోయేది చలికాలంలో వచ్చే హారియర్ గద్దల కోసం. పొద్దు వాలే వేళకు అవి గడ్డి మీద తక్కువ ఎత్తున తేలుతూ వచ్చి, రాత్రికి ఆ గడ్డిలోనే నేల మీద పడుకుంటాయి. ఎప్పుడు ఏ పక్క నుంచి వస్తాయో తెలియదు. మూడేళ్ల కిందట ఒక మగ గద్ద, బూడిద రంగుది, సూటిగా నా వైపే వచ్చింది. అప్పటికే చాలాసేపటి నుంచి కెమెరా ఎత్తుతూ దించుతూ ఉన్నాను. సరిగ్గా అది వచ్చే ముందు భుజం తట్టుకోలేక దించాను. మళ్లీ ఎత్తేలోపు నా ముందు నుంచి వంపు తిరిగి పోయింది. ఫొటో లేదు. దాని రెక్క అంచున ఎండ పడిన తీరు మాత్రం ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

ఆ చలికాలమే కుడి భుజం పట్టేసింది. బడిలో బోర్డు మీద పై వరసలో రాయడానికే ప్రాణం పోయేది. బరువులు ఎత్తొద్దని డాక్టరు చెప్పారు. లెన్సు అమ్మేద్దామా అని కూడా అనుకున్నాను. ట్రైపాడ్ నాకు కుదరదు. మూడు కాళ్లు సర్దుకునే లోపల పక్షి పోతుంది, పైగా అది ఇంకో బరువు. అలా మోనోపాడ్ దగ్గరికి, అంటే ఒకే కాలున్న కర్ర దగ్గరికి వచ్చాను.

మొదటిది తప్పుగా కొన్నాను. ఆ తప్పేమిటో వివరంగా చెబుతాను, ఎందుకంటే కొత్తగా పెద్ద లెన్సు కొన్నవాళ్లలో చాలామంది ఇదే చేస్తున్నారు. ఒక కొట్లో అల్యూమినియం కర్ర, దాని మీద కెమెరాను బిగించే బాల్ హెడ్ (బంతి మీద అన్ని వైపులకూ తిరిగేది) కలిపి ఇచ్చారు. పెట్టె మీద ఎనిమిది కిలోలు మోస్తుందని రాసి ఉంది. నాది మూడే కదా, ఇంకేం భయం అనుకున్నాను.

హిందూపురంలో మా అక్క ఉంటుంది. ఏటా మార్చిలో అక్కడికి పోయి, లేపాక్షి మీదుగా చిలమత్తూరు దగ్గర వీరాపురం వెళ్తాను. ఎర్రకాళ్ల కొంగలు అక్కడ ఊళ్లోకే వచ్చి చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. ఆ ఊరివాళ్లు వాటిని ఏమీ అననివ్వరు. కొంగలు వస్తే వానలు బాగుంటాయని వాళ్ల నమ్మకం. ఆ రోజు ఒక ఇంటి ముందు నిలబడి చెట్టు కొమ్మ మీది గూటికి గురిపెట్టాను. తల్లి కొంగ నోట్లోంచి పిల్లలకు చేపలు కక్కుతోంది. ఇంకొంచెం పైకి చూద్దామని బాల్ హెడ్ మర కాస్త వదులు చేశాను. అంతే. లెన్సు ముందుకు కాదు, పక్కకు పడింది. మూడు కిలోల బరువు ఒక్కసారిగా ఎడమ వైపుకు వాలి, కర్రను కూడా తనతో లాగింది. పట్టుకోబోయిన నా బొటనవేలు లెన్సు కాలికీ హెడ్డుకూ మధ్య నలిగింది. లెన్సు ముందుండే హుడ్ అరుగు రాయికి తగిలి పగిలింది. అద్దానికి ఏమీ కాలేదు. అరుగు మీద కూర్చున్న పెద్దాయన లేచొచ్చి, "నీళ్లు పోసుకోమ్మా చేతికి, కొంగలు యాడికీ పోవులే" అని చెంబు ఇచ్చాడు.

సాయంత్రం అక్కవాళ్లింట్లో వేలికి గుడ్డ చుట్టుకుని కూర్చుంటే బావ ఆ హెడ్డును చేతిలోకి తీసుకున్నాడు. బావది లేత్ వర్క్‌షాపు. ముప్పై ఏళ్లుగా ఇనుముతోనే పని. రెండుసార్లు బిగించి, రెండుసార్లు వదిలి చూశాడు.

"ఏమ్మా, బంతికి ముందేది, పక్కేది అని తెలుస్తాదా? వదిలితే ఎటన్నా పడాల్సిందే. నీకు కావాల్సింది తలుపు బందు. అది ఒక్క పక్కకే ఆడతాది."

నాకు అప్పుడు అర్థమైంది. మోనోపాడ్ మీద కెమెరా ఎన్ని రకాలుగా కదలాలో లెక్కేసుకోండి. కుడి ఎడమలకు తిరగాలంటే కర్రనే తిప్పితే సరిపోతుంది, కింద ఉన్నది ఒక్క కాలే కదా. పక్కకు వాలితే కర్రను నిటారు చేస్తే చాలు. నిలువు ఫొటో కావాలంటే లెన్సు కాలర్ వదులు చేసి కెమెరాను తిప్పుకోవచ్చు. ఇక మిగిలింది పైకీ కిందికీ వంగడం ఒక్కటే. ఆ ఒక్కటి చేసే హెడ్డును టిల్ట్ హెడ్ అంటారు. బావ చెప్పిన తలుపు బందు అదే. మర పూర్తిగా వదిలేసినా లెన్సు పక్కకు పడే దారి లేదు.

అసలు హెడ్డే లేకుండా లెన్సు కాలికి కర్రను నేరుగా బిగించుకునేవాళ్లూ ఉన్నారు. 2024 సెప్టెంబరులో అనంతపురం ఆర్డీటీ మైదానంలో దులీప్ ట్రోఫీ జరిగినప్పుడు చూడ్డానికి పోయాను. అక్కడ బౌండరీ దగ్గర కూర్చున్న ఫొటోగ్రాఫర్లలో కొందరు అలాగే వాడుతున్నారు. వాళ్లకు అది చాలు. ఆట నేల మీదే జరుగుతుంది, కర్రను కొంచెం ముందుకో వెనక్కో వంచితే సరి. చెట్టు మీది గూటికీ, నెత్తి మీద ఎగిరే గద్దకూ అది పనికిరాదు. గింబల్ హెడ్ (లెన్సును ఊయలలా పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకూ తిప్పనిచ్చేది) సంగతి కూడా అడుగుతుంటారు. వింబర్లీ వాళ్ల పెద్ద గింబల్ ఒక్కటే కిలోన్నర దాకా ఉంటుంది. ట్రైపాడ్ మీద దానికి సాటి లేదు, ఒంటికాలి మీద మాత్రం అది అనవసరపు బరువు. తిరగడం అనే పని కర్ర ఎలాగూ చేస్తోంది.

టిల్ట్ హెడ్ కొనేటప్పుడు బరువు పరిమితి చూడండి. మాన్‌ఫ్రొట్టో 234 చాలామంది దగ్గర కనబడుతుంది, చవక, చిన్నది. దానికి కంపెనీ చెప్పే పరిమితి రెండున్నర కిలోలు. నా సరంజామాకే చాలదు, ఇక 600 ఎఫ్4 లాంటి ఇంకా పెద్ద లెన్సుల సంగతి చెప్పక్కర్లేదు. మీ లెన్సూ కెమెరా కలిపిన బరువుకు కనీసం రెండింతలైనా మోసేది తీసుకోండి. అదైనా ఒక్క అంకెను చూసి నమ్మకండి, నేను ఎనిమిది కిలోల అంకెను నమ్మి వేలు నలగ్గొట్టుకున్నాను. లెన్సు బిగించి, మర సగం వదిలి, లెన్సు ముందు భాగాన్ని వేలితో నొక్కి చూడండి. మెల్లగా, బిగువుగా దిగాలి. గభాలున పడితే వద్దు.

ఇంకొకటి, ఎవరూ ముందుగా చెప్పనిది: క్లాంప్ (హెడ్డు మీద ప్లేటును పట్టి ఉంచే బిగింపు) ఏ దిక్కుకు ఉందో చూడాలి. కెమెరా బాడీ కింద బిగించే ప్లేటు అడ్డంగా ఉంటుంది, లెన్సు కాలి కింద బిగించే ప్లేటు లెన్సు పొడవునా ఉంటుంది. రెండింటికీ మధ్య 90 డిగ్రీల తేడా. బాడీ కోసం అమర్చిన క్లాంప్‌లో లెన్సును బిగిస్తే, హెడ్డు పైకీ కిందికీ వంగాల్సింది పోయి పక్కకు వంగుతుంది. బాల్ హెడ్ కష్టాలే మళ్లీ మొదలు. మంచి హెడ్లలో కింది మర విప్పి క్లాంప్‌ను తిప్పుకోవచ్చు. నాకు వచ్చినది తప్పు దిక్కులోనే ఉంది, బావ అయిదు నిమిషాల్లో తిప్పి పెట్టాడు.

ప్లేటు ఏటవాలు అంచులుండే ఆర్కా రకందే తీసుకోండి, దాదాపు అన్ని హెడ్లకూ సరిపోతుంది. పొడుగు ప్లేటు, రెండు మరలతో బిగించేది. ఒక్క మరదైతే బరువుకు నెమ్మదిగా తిరిగిపోతుంది. ప్లేటు రెండు చివర్లా చిన్న అడ్డు స్క్రూలు ఉంటాయి. క్లాంప్ వదులైనా ప్లేటు జారి కింద పడకుండా అవి ఆపుతాయి. వాటిని తీసి డ్రాయర్లో పడేసేవాళ్లను చూశాను. దయచేసి అలా చేయకండి.

ఇక కర్ర. ఎత్తు విషయంలో నేను టేపు పెట్టి కొలుచుకున్నాను. నా ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు, కన్ను 149 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. హెడ్డు 9, లెన్సు కాలు నుంచి వ్యూఫైండర్ (కన్ను పెట్టి చూసే కిటికీ) దాకా ఇంకో 10. అంటే నేరుగా ముందుకు చూసేటప్పుడు 130 సెంటీమీటర్ల కర్ర సరిపోవాలి. కానీ లెన్సును పైకెత్తితే కెమెరా వెనక భాగం కిందికి దిగుతుంది. చింతచెట్టు మీది గూటికి గురిపెడితే నా వ్యూఫైండర్ దాదాపు 14 సెంటీమీటర్లు దిగింది. అంతమేర నడుము వంచాలి, లేదంటే కర్ర పెంచాలి. కర్ర కొంచెం ముందుకు వాల్చి పట్టుకుంటాం కాబట్టి ఇంకాస్త కావాలి. అందుకే నిలబడి తీసేవాళ్లు తమ కంటి ఎత్తుకు తగ్గని కర్ర తీసుకోవాలని నా అభిప్రాయం. పొడుగు కర్రకు ఇంకో లాభం కూడా ఉంది. అన్నిటికన్నా సన్నని అడుగు భాగాన్ని పూర్తిగా బయటికి లాగే పని పడదు. వణుకంతా ఆ సన్న భాగంలోనే ఉంటుంది.

నాది కార్బన్ ఫైబర్, నాలుగు భాగాలది, పై గొట్టం 32 మిల్లీమీటర్లు. అల్యూమినియం కూడా బలమైనదే, ధర సగం ఉంటుంది. కానీ మా ఎండల్లో మధ్యాహ్నం దాన్ని పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. కర్ర భాగాలను బిగించే తాళాల్లో లివర్ రకం చూడగానే బిగిసిందో లేదో తెలుస్తుంది. నాది తిప్పే రకం. రోళ్లపాడు ఎర్రదుమ్ము దానిలోకి పోతే తిప్పినప్పుడల్లా కరకరమంటుంది. అప్పుడు భాగాలు విప్పి, మరల మీద పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, పొడిగుడ్డతో తుడిచి పెడతాను. నూనె వేయను, దుమ్ము ఇంకా అంటుకుంటుంది.

నిలబడే తీరు: రెండు కాళ్లు వెడల్పుగా, కర్ర అడుగు కొంచెం ముందుకు. అప్పుడు మన రెండు కాళ్లూ, కర్రా కలిసి మూడు కాళ్లవుతాయి. ఎడమ చెయ్యి లెన్సు మీద పెట్టి మెల్లగా కిందికి అదమాలి. వీఆర్ (లెన్సులో వణుకు తగ్గించే ఏర్పాటు) ఆపకూడదు, ఎందుకంటే ఒంటికాలు ఎంత బిగించినా ఊగుతూనే ఉంటుంది. చేత్తో పట్టుకుంటే 500 మిల్లీమీటర్ల దగ్గర షట్టర్ వేగం 1/800 సెకను కన్నా తగ్గితే నాకు నమ్మకం ఉండేది కాదు. ఇప్పుడు కదలకుండా కూర్చున్న పక్షి అయితే 1/160కి దిగుతున్నాను. ఎగిరే పక్షికి మాత్రం వేగం తగ్గించను. ఊగేది పక్షి రెక్క, దానికి కర్ర ఏం చేస్తుంది?

కర్రా హెడ్డూ కలిపి పదహారు వేలు దాటింది. మా ఇంట్లో అది చిన్న ఖర్చు కాదు. ఈ జనవరిలో రోళ్లపాడులో గడ్డి అంచున నలభై నిమిషాలు నిలబడ్డాను. కెమెరా మొత్తం సేపూ కంటి దగ్గరే ఉంది, బరువంతా నేల మోస్తోంది. చలికి ముక్కు కారుతున్నా తుడుచుకోలేదు. గద్ద కుడివైపు నుంచి, గడ్డి కంకుల మీదుగా వచ్చింది. కర్రను దానితో పాటే తిప్పాను. ఒకచోట అది తల తిప్పి నన్ను చూసింది. పసుపు పచ్చని కన్ను, ఫోకస్ సరిగ్గా దాని మీదే ఉంది.