150 గజాల లోపల

థాంక్స్ గివింగ్ సెలవుల్లో పిట్స్‌బర్గ్ వెంకన్న గుడికి వెళ్లడం మా ఇంట్లో ఆనవాయితీ. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి ఎప్పుడూ టర్న్‌పైక్ ఎక్కి ఒకే ఊపున పోతాం. 2023లో మాత్రం మా బావమరిది ఐ-80 మీదుగా తీసుకెళ్లాడు. దారిలో పెన్సిల్వేనియా కొండల్లో బెనెజెట్ అని ఊరుందట, ఎల్కులు అక్కడ రోడ్డు మీదే తిరుగుతాయట, మావాడికి చూపించాలట. "ఎల్క్ అంటే దుప్పికి పెదనాన్న బావా" అన్నాడు. నవంబర్ 24 శుక్రవారం నుంచి రెండు రాత్రులకు కేబిన్ బుక్ చేశాడు. రాత్రికి 180 డాలర్లు, పైన క్లీనింగ్ ఫీజు 75. ఫోన్ సిగ్నల్ కూడా అందని చోట ఈ రేటేంటని దారంతా సణుగుతూనే ఉన్నాను. క్లియర్‌ఫీల్డ్ దగ్గర పెట్రోలు కోసం ఆగితే, కాఫీ క్యూలో నిలబడ్డ మగవాళ్లందరి నెత్తి మీదా నారింజ రంగు టోపీలే. ఏదో రోడ్డు పని జరుగుతోందనుకున్నాం.

కేబిన్ ఓనరు డెబ్బై దాటిన పెద్దాయన. తాళాలు ఇస్తూ నా జాకెట్ వంక చూశాడు. బ్రౌన్ కలర్. తర్వాత మా ఆవిడ నెత్తి మీది తెల్ల ఉన్ని టోపీ వంక చూశాడు.

"రేపు ఈ బట్టలతోనే నడకకు వెళ్తారా?"

అవునన్నాం.

"ఆయన ఒళ్లు జింక రంగు, మీ టోపీ జింక తోక రంగు. ఇద్దరూ కలిస్తే పూర్తి జింక."

మర్నాడు శనివారం, రైఫిల్‌తో జింకల్ని వేటాడే సీజన్‌కి మొదటి రోజు. అందుకే ఆ టోపీలు, అందుకే ఆ రేటు. జింకల కోసం వెళ్లే వేటగాడు తల, ఛాతీ, వీపు కలిపి కనీసం 250 చదరపు అంగుళాల మెరిసే నారింజ రంగు వేసుకోవాలి, అది ఏ వైపు నుంచి చూసినా కనిపించాలి. అది వాళ్ల గొడవ కదా అనుకున్నాను. కాదట. మేం ఎల్కుల్ని చూడాలనుకున్నది స్టేట్ గేమ్ ల్యాండ్స్‌లో, అంటే వేట కోసం రాష్ట్రం ఉంచిన అడవుల్లో. నవంబర్ 15 నుంచి డిసెంబర్ 15 దాకా ఆ అడవుల్లోకి ఊరికే నడవడానికి వెళ్లినా అంతే రంగు వేసుకోవాల్సిందే.

నాకు ఒళ్లు మండింది. ముప్పావుగంట వెనక్కి డ్రైవ్ చేసి నాలుగు చొక్కాలు, రెండు టోపీలు కొంటే 64 డాలర్లయింది. చొక్కా అంటే చొక్కా కాదు, పక్కన తాళ్లు కట్టుకునే గుడ్డపీలిక.

రాత్రి పెద్దాయన కట్టెలు ఇవ్వడానికి వచ్చి, అడక్కుండానే వంటగదిలో కూర్చున్నాడు. మర్నాడు వేటనేసరికి ఆ వయసులోనూ ఆయనకు నిద్ర పట్టదట. 1963 నుంచి సీజన్ థాంక్స్ గివింగ్ తర్వాతి సోమవారం మొదలయ్యేది, స్కూళ్లకు సెలవిచ్చేవారు. 2019లో దాన్ని శనివారానికి మార్చి పండగ చెడగొట్టారని ఆయన బాధ. సంక్రాంతిని ఆదివారానికి జరిపితే మా అమ్మ ఎంత బాధపడేదో ఈయనా అంతే.

నిజం చెప్పాలంటే, తొమ్మిదేళ్లుగా ఈ దేశంలో ఉంటున్నా తుపాకులంటే ఇక్కడ అడిగేవాడు లేడనే అనుకున్నాను. ఆయన చెప్పిన రూల్స్ వింటే తల తిరిగింది. జింక మీద సెమీ ఆటోమేటిక్ రైఫిల్ వాడకూడదు. ప్రతి గుండుకూ చేత్తో బోల్టు లాంటిదేదో లాగి తోయాలి. లోడు చేసిన తుపాకీ బండిలో ఉండకూడదు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే కాల్పులు. మగజింక అయితే ఆ ప్రాంతంలో కొమ్ముకు ఒకవైపు కనీసం మూడు కొనలుండాలి, అంటే కాల్చే ముందు లెక్కపెట్టుకోవాలి. పడ్డాక, అంగుళం కూడా కదపకముందే ట్యాగు మీద పెన్నుతో వివరాలు రాసి చెవికి కట్టాలి. పది రోజుల్లో రిపోర్టు చేయాలి. చెట్టు మీద ఊదా రంగు పెయింటు గీత నిలువుగా కనిపిస్తే అది పరాయి స్థలం, అడుగు పెట్టకూడదు. ఆ గీత ఎంత పొడవుండాలో, నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలో దానికీ కొలతలున్నాయి.

మా న్యూజెర్సీలో అయితే జింకకు ఈ రైఫిల్ పనికే రాదట. జనం కిక్కిరిసి ఉన్నచోట తప్పిన గుండు మైళ్ల దూరం పోతుంది కాబట్టి అక్కడ ఎక్కువగా షాట్‌గన్నే. డెలవేర్ నది దాటితే అదే జింకకు రూలు మారిపోతుంది.

మాటల్లో ఉండగానే బండిలోంచి రైఫిల్ తెచ్చాడు. బోల్టు లాగి, ఖాళీగా ఉన్న లోపలి భాగం చూపించి, వేలు పెట్టి తడిమి మరీ నా ముందుకు చాపాడు. "పట్టుకోండి."

చెయ్యి చాపాను.

"బావా, ముట్టుకోకు!" బావమరిది అరుపుకి మావాడు ఉలిక్కిపడ్డాడు.

విషయం ఏమిటంటే, నేనూ బావమరిదీ ఇద్దరం హెచ్‌1బీ వీసా మీద ఉన్నాం. ఫెడరల్ చట్టం ప్రకారం ఆ వీసా వాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. గ్రీన్ కార్డు ఉంటే ఈ గొడవ లేదు. హెచ్‌1బీకి ఉన్న మినహాయింపుల్లో ఒకటి, ఏదైనా రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్సు. బావమరిది ఆఫీసు కుర్రాళ్లు షూటింగ్ రేంజ్‌కి పోవాలని, జన్మలో చీమను కూడా చంపనివాళ్లు, వేట లైసెన్సు కొని పర్సులో పెట్టుకు తిరుగుతున్నారట. కాసేపు చేత్తో పట్టుకుంటే నేరమవుతుందో లేదో వాడికీ తెలీదు. గ్రీన్ కార్డు క్యూలో ఉన్నవాడికి ఆ సందేహం చాలు. చేతులు వెనక్కి కట్టుకున్నాను.

పెద్దాయనకు గజాలు, అంగుళాలు అన్నీ కంఠస్థం గానీ ఈ సంగతి తెలియదు. రెండుసార్లు చెప్పించుకుని, "లైసెన్సు ఉంటే వేటాడొచ్చు, లేకపోతే ముట్టుకోకూడదా?" అని పడీ పడీ నవ్వాడు. బయటి రాష్ట్రం వాళ్లకు పెన్సిల్వేనియా లైసెన్సు 101 డాలర్ల 97 సెంట్లు. మా ఆవిడ నా వంక చూసిన చూపుకి ఆ ప్రస్తావన అక్కడితో ఆగింది.

వెళ్లబోతూ గుమ్మంలో నిలబడి ఆయన అడిగిన మాటకి మాత్రం నిజంగానే ఆశ్చర్యపోయాను.

"ఇంటి చుట్టూ 150 గజాలు సేఫ్టీ జోన్. ఆ లోపల వేటాడాలంటే ఇంట్లో ఉంటున్నవాళ్ల అనుమతి ముందే తీసుకోవాలి. ఈ రెండు రోజులూ ఇంట్లో ఉంటున్నది మీరు. నాకు అనుమతిస్తారా?"

ఇల్లు ఆయనది, కొండ ఆయనది, రైఫిల్ ఆయనది. రాత్రికి 180 ఇచ్చినందుకు అనుమతి నాది! నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అడ్డొచ్చింది. "ఏవండీ, వద్దని చెప్పండి. శనివారం పూట, వెంకన్న దర్శనానికి పోతూ."

చెప్పాను. "నో ప్రాబ్లం" అని టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు.

తెల్లవారుజామున కొండల మీంచి చప్పుళ్లు మొదలయ్యాయి. దీపావళి మర్నాడు మిగిలిన లక్ష్మీ బాంబులు ఎవరో ఒకటొకటిగా కాలుస్తున్నట్టు. ఎనిమిది ప్రాంతంలో మావాడు కిటికీ దగ్గర్నుంచి గుసగుసగా పిలిచాడు. పెరట్లో ఆపిల్ చెట్టు కింద మగజింక. రాలి కుళ్లిన కాయలు తింటోంది. నోట్లోంచి ఆవిరి వస్తోంది, మూతి తడిగా మెరుస్తోంది. నమిలేటప్పుడు కింది దవడ అచ్చం మా ఊరి మేకల్లాగే పక్కకు జరుగుతోంది. మావాడు కొమ్ము కొనలు లెక్కపెట్టాడు, ఒకవైపు నాలుగు. దాని వెనకాల, పైన అడవి మొదలయ్యే చోట కదలకుండా ఒక నారింజ చుక్క.

నలభై నిమిషాలు తింది ఆ జింక. చుక్క కదల్లేదు.

మా పెదనాన్న గుర్తొచ్చాడు. ఖమ్మం జిల్లాలో మొక్కజొన్న చేనుకి అడవిపందుల బెడద ఉంటే, పంట రక్షణకని లైసెన్సు తీసుకుని గన్ను పెట్టుకున్నాడు. పందిని కాల్చగా ఎవరూ చూడలేదు, గాల్లోకి పేల్చి బెదరగొట్టేవాడు. ఎన్నికలొస్తే దాన్ని పోలీస్ స్టేషన్లో డిపాజిట్ చేసి రసీదు తెచ్చుకోవాలి. "పందులకి కోడ్ వర్తించదట్రా" అని రాత్రంతా డబ్బా కొడుతూ మంచె మీద కూర్చునేవాడు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో మన దగ్గర వేటే నేరం. 2021లో తెలంగాణలో పందుల్ని కాల్పించే అధికారం సర్పంచులకు ఇచ్చారు, అదీ లిస్టులో ఉన్న షూటర్లతోనే. అయినా చేల చుట్టూ దొంగచాటుగా కరెంటు తీగలు లాగుతూనే ఉన్నారు. వాటికి పందులూ చస్తున్నాయి, రాత్రిపూట నీళ్లు పెట్టడానికి వెళ్లిన పక్క చేను రైతులూ చస్తున్నారు.

పదకొండింటికి పెద్దాయన ఉత్త చేతుల్తో దిగొచ్చాడు. "మీ ఆవిడతో చెప్పండి, ఎనిమిది పాయింట్ల బక్" అన్నాడు. బక్ అంటే మగజింక, పాయింట్లంటే రెండు కొమ్ముల కొనలూ కలిపి. గొంతులో కొంచెం ఏడుపుంది.

ఉండబట్టలేక అడిగేశాను, ఆ కొండలో ఎవరు చూస్తారని.

"మీరు చూస్తున్నారుగా, కిటికీలోంచి."

మధ్యాహ్నం చొక్కాలు తగిలించుకుని వెళ్తే ఎల్కులు కనిపించాయి, దూరంగా, మూడు. మావాడికి పొద్దున్నటి జింకే నచ్చింది.

ఆదివారం గుడి పార్కింగ్‌లో దిగేసరికి బావమరిది, మావాడు ఇంకా ఆ నారింజ చొక్కాల్లోనే ఉన్నారు. 64 డాలర్లు పోసి కొన్నవి, నేనూ విప్పమనలేదు. చెప్పుల దగ్గర ఒక పెద్దావిడ వాళ్లిద్దర్నీ కిందా మీదా చూసి, "హనుమాన్ దీక్షా బాబూ? ఎన్నో రోజు?" అంది.

"రెండో రోజండీ" అన్నాడు బావమరిది.